జబ్బు లేని అమ్మతో పరిశోధన వాళ్లకేం పని?

ప్రశ్న: మేడమ్, మా పుట్టిల్లు కర్ణాటకలో, కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా. పెళ్లయ్యాక మదనపల్లెలో ఉంటున్నాను. అమ్మకు అరవై ఆరేళ్లు. బడి గడప తొక్కలేదు గానీ మామిడి కాపు రోజుల్లో కూలీల లెక్కలన్నీ నోటితోనే తేల్చేస్తుంది. ఈమధ్య మెదడు పరిశోధన వాళ్లు ఇంటికొచ్చి, జ్ఞాపకశక్తి పరీక్షలు చేస్తాం, రక్తం తీస్తాం, తలకు ఎమ్మారై తీస్తాం అన్నారట. అన్నయ్య ససేమిరా అంటున్నాడు. "మన మీద మందులు ప్రయోగిస్తారు, పైగా అమ్మకు మతి పోయిందని ఊళ్లో అనుకుంటారు" అని టెన్షన్ పడుతున్నాడు. అమ్మేమో "నా వల్ల నలుగురికి మేలైతే వెళ్తాను" అంటోంది. ఏ జబ్బూ లేని మనిషితో వాళ్లకేం పని? పంపమంటారా?
– ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: పంపండమ్మా. వెళ్తానని ఆవిడే అంటున్నారు, ఆ మాటకే విలువివ్వాలి.

వచ్చినవాళ్లు ఎవరో ముందు కనుక్కోండి. బెంగళూరు ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ అనే మెదడు పరిశోధన కేంద్రం మీ తాలూకాలో కొన్నేళ్లుగా ఇలాంటి అధ్యయనం చేస్తోంది. 45 ఏళ్లు దాటిన 10,000 మంది పల్లెవాసుల్ని ఏళ్ల తరబడి గమనించాలని వాళ్ల ప్రయత్నం. అది మందుల ట్రయల్ కాదు. ఎవరెలా ఉన్నారో చూసి రాసుకుంటారు, అంతే. మీ అన్నయ్యగారికి ఈ తేడా నిదానంగా చెప్పండి.

ఇక జబ్బు లేనివాళ్లు ఎందుకంటారా? మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ మెదడులో పేరుకోవడం మొదలయ్యాక పదిహేను, ఇరవై ఏళ్లకు గానీ మతిమరుపు బయటపడదు. ఇంట్లోవాళ్లు కంగారుపడి మా దగ్గరికి తీసుకొచ్చేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. బాగున్నవాళ్లను బాగున్నప్పుడే చూసి, ఆ తర్వాత కూడా చూస్తూ పోతేనే ముందు మారిందేమిటో తెలుస్తుంది. ఎనభై దాటినా జ్ఞాపకం చెక్కుచెదరని వాళ్లుంటారు. వాళ్లను కాపాడుతున్నదేమిటో తేలేదీ అలాగే.

నేను జ్ఞాపకశక్తి పరీక్షలు చేసే సైకాలజిస్టుని. మీ అమ్మగారిలాంటి వాళ్లు నా ఎదురుగా కూర్చున్నప్పుడు నాకో కష్టం ఉంది. పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిన పరీక్షల్లో గడియారం బొమ్మ గీయమంటారు, వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంటారు. ఎన్నడూ పెన్సిల్ పట్టని పెద్దావిడ ముందు కాగితం పెడితే బిగుసుకుపోతుంది, "నాకేం వచ్చమ్మా" అని కాగితం వెనక్కి తోసేస్తుంది. అదే ఆవిణ్ణి వారాల పేర్లు వెనకనుంచి చెప్పమంటే, సంతలో దొరికే కూరగాయల పేర్లు ఒక్క నిమిషంలో ఎన్ని చెప్పగలవో చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్తుంది. మరి ఆవిడ ఎన్ని చెప్తే మామూలు, ఎన్నిటి దగ్గర ఆగిపోతే అనుమానపడాలి? చదువు లేకపోయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్లను వేలమందిని చూస్తే తప్ప ఆ కొలత దొరకదు. అది లేకపోతే బాగున్న మనిషికి జబ్బు అంటగడతాం, జబ్బున్న మనిషిని "వయసు కదా" అని ఇంటికి పంపేస్తాం. రెండూ అన్యాయమే.

మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి, మతి తగ్గిపోయే జబ్బులు) ఉందని 2023లో వెలువడిన అంచనా. ఆ లెక్క కూడా దేశమంతటా పెద్దవాళ్లను, జబ్బు ఉన్నా లేకున్నా, కూర్చోబెట్టి పరీక్షిస్తేనే వచ్చింది.

ఇంకో సంగతి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే, రెండు మూడు భాషలు వచ్చినవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిసి బతికే ఊళ్లో కుటుంబాలు ఓపిగ్గా కూర్చుని వివరాలు చెప్పబట్టే ఇది ప్రపంచానికి తెలిసింది. మీ అమ్మగారు కూడా ఇంట్లో తెలుగు, బయట కన్నడం మాట్లాడుతూ ఉండి ఉంటారు. ఆ తాలూకా విలువ నాకు అక్కడే కనిపిస్తోంది.

సంతకమో వేలిముద్రో వేసే ముందు సమ్మతి పత్రాన్ని ఆవిడకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమనండి. పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ఏదైనా తేడా కనిపిస్తే ఎవరికి చెప్తారు, రిపోర్టులు మనకిస్తారా అని అడగండి. డబ్బు కట్టమంటే అది పరిశోధన కాదు. ఇష్టం లేకపోతే మధ్యలో మానేసే హక్కు ఆవిడకు ఎప్పుడూ ఉంటుంది. ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు గానీ లోపల టకటకమని పెద్ద చప్పుడు వస్తుంది, తెలియక వెళ్లినవాళ్లు హడలిపోతారు. ముందే చెప్పి, మీరూ తోడు వెళ్లండి. ఒంట్లో పేస్‌మేకర్ లాంటిదేమైనా ఉంటే దాచొద్దు.

ఊళ్లో ఏమనుకుంటారో అన్న భయానికి మందు ఒక్కటే, మీ అన్నయ్యగారు కూడా పేరివ్వడం. ఆయనకు 45 దాటి ఉంటే!

ప్రశ్న: మా వారికి ఆరేళ్లుగా అల్జీమర్స్. ఆయన పోయాక మెదడును పరిశోధనకు ఇవ్వొచ్చా?
– విజయవాడ నుంచి ఒక సోదరి

జవాబు: ఇవ్వొచ్చు. ఇంత కష్టంలో ఉండి ఈ మాట అడిగారు, మీకు నమస్కారం. బెంగళూరులోని మెదడు, మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు బ్యాంకు ఉంది. ముందుగా అంగీకారం రాసినా, ఆ సమయంలో దగ్గరి బంధువులు సంతకం పెట్టాలి, పనంతా కొద్ది గంటల్లోనే జరిగిపోవాలి. విజయవాడ నుంచి దూరం కాబట్టి, వీలవుతుందో లేదో ఇప్పుడే వాళ్లతో మాట్లాడండి, చూస్తున్న డాక్టరుతోనూ చెప్పండి. ముఖం చెడదు, అంత్యక్రియలు మామూలుగానే చేసుకోవచ్చు. మెడికల్ కాలేజీకి చేసే దేహదానం వేరు, రెండిటినీ ఒకటనుకోవద్దు. జబ్బు లేనివారి మెదళ్లు కూడా పోల్చి చూడటానికి కావాలి, మీకిష్టమైతే మీ పేరూ ఇవ్వొచ్చు. పిల్లలకు మాత్రం ఈ నిర్ణయం ఇప్పుడే చెప్పి ఒప్పించండి. ఆ రోజున ఫోన్ చేయాల్సింది వాళ్లే.