విజిల్ వేయని కుక్కరు

అమ్మడూ,

ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కరు కొననా అని నిన్న ఫోన్లో నువ్వడిగినప్పుడే చెప్పేద్దామనుకున్నాను గానీ నీకు బ్యాంకు టైం అయిపోతోందని ఊరుకున్నాను. అయినా ఫోన్లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను మర్చిపోతాను. అందుకని రాస్తున్నాను. కుక్కరు కొన్నాక ఇంకోసారి చదువుకో.

నీకు తెలిసిందేగా, 34 ఏళ్లు కరెంటు స్తంభాలెక్కినవాణ్ని. వంటింట్లో అడుగుపెట్టింది మాత్రం రిటైరయ్యాకే, మీ అత్తయ్య మోకాళ్లు మొరాయించాక. కాబట్టి ఈ ఎలక్ట్రిక్ కుక్కర్లో కరెంటు వైపు నాకు పాత చుట్టం, వంట వైపు కొత్త చుట్టం. రెండు వైపుల నుంచీ దెబ్బలు తిన్నాను, అదీ చెబుతాను.

ముందు ఒక సంగతి తేల్చుకో. ఇది తొందరగా వండేస్తుందని కొంటున్నావా? అయితే వద్దు. గ్యాసు మీద పెట్టే కుక్కర్లో లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. ఎలక్ట్రిక్ వాటిలో చాలావాటికి ఒత్తిడి కాస్త తక్కువ, 115 దగ్గర ఆగుతాయి. ఆవిరి పట్టడానికి పది పదిహేను నిమిషాలు, ఉడకడానికి కొంత, ఆవిరి దానంతటది దిగడానికి ఇంకో పది. మీ అమ్మ గ్యాసు మీద ఇరవై నిమిషాల్లో దించేసే పప్పుకి దీంట్లో నలభై పడుతుంది. మరెందుకూ అంటావా? బటన్ నొక్కి నువ్వు స్నానానికి వెళ్లిపోవచ్చు. మన ఇళ్లల్లో సగం జీవితం విజిళ్లు లెక్కపెట్టడంలోనే పోయింది. "మూడయ్యాయా, నాలుగయ్యాయా?" అని బాత్రూంలోంచి అరవడం, వీధిలోవాళ్లు జవాబు చెప్పడం. దీనికి విజిలే లేదు. దానంతటది ఆగుతుంది, అన్నం వేడిగా ఉంచుతుంది. పొద్దున్నే ఎనిమిదింటికి బయటపడే నీకు కావాల్సింది అదే.

ఇక కొనడం. షాపులో అడిగేటప్పుడు "ఎలక్ట్రిక్ కుక్కర్" అని ఊరుకుంటే అన్నం వండే రైస్ కుక్కర్ చేతిలో పెడతారు. అది వేరు. దానికి మూత బిగుసుకోదు, నీళ్లు ఇగిరిపోయి అడుగు వేడెక్కగానే టక్కున ఆగుతుంది. నీకు కావాల్సిన దానికి మూత లోపల చుట్టూ రబ్బరు ఉంటుంది, మూత తిప్పితే బిగుస్తుంది, మీద ఆవిరి వాల్వూ, చిన్న పిన్నూ ఉంటాయి. ఆవిరి పట్టాక పిన్ను పైకి లేస్తుంది. పిన్ను కిందకి దిగేదాకా మూత రాదు, నువ్వూ లాగకు.

ఇద్దరికి మూడు లీటర్లు చాలని ఎవరైనా అంటారు. నేను మాత్రం ఆరు లీటర్లది తీసుకోమంటాను. ఎలాగూ మూడింట రెండొంతులకి మించి నింపకూడదు, పప్పులూ ఉలవలూ అయితే పొంగుతాయి కాబట్టి సగానికే ఆపాలి. పైగా మనం లోపల గిన్నెలు పెట్టి వండేవాళ్లం. ఒక గిన్నెలో అన్నం, ఒక దాంట్లో పప్పు. చిన్నదాంట్లో ఆ గిన్నెలు పట్టవు. మీ అత్తగారిచ్చిన స్టీలు గిన్నెలు అడ్డం ఎంతున్నాయో స్కేలు పెట్టి కొలుచుకుని మరీ వెళ్లు. గిన్నె చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉండాలి.

లోపలి గిన్నె స్టీలుదే తీసుకో. నాన్‌స్టిక్ పూతది అంటుకోదు నిజమే, కానీ మనం స్టీలు గరిటెతో గీకకుండా ఉండగలమా? రెండేళ్లలో పూత లేచిపోతుంది. ఇంకోటి, కొనేముందే రబ్బరు రింగు విడిగా దొరుకుతుందా అని అడుగు. దొరికితే అక్కడే ఇంకోటి కొనేయి. మా మొదటి కుక్కరుకి రింగు సాగిపోతే ఇక్కడి నుంచి రాజమండ్రి దాకా తిరిగినా దొరకలేదు. బంగారంలాంటి కుక్కరు అటక మీద కూర్చుంది. రెండు రింగులుంటే ఇంకో లాభం కూడా ఉంది. మాంసం వాసన ఆ రబ్బరుకి పట్టి వదలదు. వేటమాంసం వండిన మర్నాడు అదే రింగుతో పరమాన్నం చేశాను. మీ అత్తయ్య ఒక చెంచా నోట్లో పెట్టుకుని నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

కరెంటు సంగతి కాస్త ఓపిగ్గా చదువు, ఇది నా సొంత సబ్జెక్టు. ఆరు లీటర్ల కుక్కరు సుమారు 1000 వాట్లు లాగుతుంది. పదిహేను నిమిషాలు ఆగకుండా లాగితే పావు యూనిట్. ఆవిరి పట్టాక ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి బిల్లు గురించి టెన్షన్ పడకు. టెన్షన్ పడాల్సింది ఓల్టేజి గురించి. భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లన్నీ ఒకేసారి తిరిగితే లైన్ ఎలా కుంగుతుందో మీ ఆయన్నడుగు, చెబుతాడు. 230 రావాల్సిన చోట 180 వస్తే నీ 1000 వాట్ల కుక్కరు 600 వాట్ల చిల్లరకి పడిపోతుంది. ఓల్టేజి కొంచెం తగ్గితే వేడి బాగా తగ్గుతుంది, దాని లెక్క అంతే. అలాంటి రోజు ఆవిరి పట్టడానికి అరగంట పట్టినా కుక్కరు పాడైందనుకోకు. లైట్లు ఎర్రగా మిణుకుతున్నాయేమో చూడు.

మీరుండే వాటా పాత ఇంట్లో పైభాగం అన్నావు. ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తింగ్ చూపించు. స్టీలు బాడీ ముట్టుకుంటే చేతికి జివ్వుమందంటే అది కుక్కరు తప్పు ఒక్కటే కాదు, ఎర్తింగ్ లేకపోవడం కూడా. మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నులతో గుచ్చేవాళ్లను నా సర్వీసులో ఎంతమందిని తిట్టానో! ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు, గోడ సాకెట్లోనే పెట్టు. ఇన్వర్టర్ లైన్ మీద అస్సలు వద్దు. ఫ్యాన్లూ లైట్లూ నడిపే ఇన్వర్టర్ ఇంత బరువు మోయలేదు. వండుతుండగా కరెంటు పోతే కంగారు లేదు, మూత బిగుసుకునే ఉంటుంది, లోపల వేడికి కాసేపు ఉడుకుతూనే ఉంటుంది. కరెంటు వచ్చాక కొన్ని మొదటి నుంచి మొదలెడతాయి, కొన్ని ఊరుకుంటాయి. ఏం చేస్తుందో చూసి బటన్ నొక్కు.

గ్యాసు కుక్కరు మాత్రం ఎవరికీ ఇచ్చేయకు. 1996 నవంబరు 6న తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు స్తంభాలన్నీ కొబ్బరిచెట్లతో పాటే నేలమీద పడుకున్నాయి. వాటిని లేపినవాళ్లలో నేనొకణ్ని. ఆ రోజుల్లో పొయ్యీ పుల్లా ఉన్నవాడే అన్నం తిన్నాడు.

ఇప్పుడు నా ఘనకార్యం ఒకటి. కుక్కరు కొన్న వారంలోపే లోపలి గిన్నె కడిగి ఎండలో బోర్లించాను. బియ్యం కడిగి, నీళ్లు కొలిచి, శుభ్రంగా లోపలికి పోసేశాను. గిన్నె ఎండలోనే ఉంది! నీళ్లు హీటరు మీద నుంచి కిందకి కారి బల్లంతా తడి. స్విచ్ వేయలేదు కాబట్టి బతికిపోయాను. ప్లగ్గు తీసి, తలకిందులు చేసి, నాలుగు రోజులు ఆరబెట్టాను. అప్పట్నుంచి గిన్నె కడిగాక తుడిచి వెంటనే దాని చోట పెట్టేస్తాను, బయట ఉంచను. నువ్వూ అలాగే చెయ్యి.

వంటలోకి వద్దాం. అన్నానికి మీ ఇంట్లో స్వర్ణ బియ్యమే కదా. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం, ఎం.టి.యు. 7029, 1982లో వచ్చింది, ఇప్పటికీ సార్వాలో, అంటే వానాకాలం పంటలో, దాని మోజు తీరలేదు. దీంట్లో నీళ్లు బయటకి పోవు కాబట్టి గిన్నెలో పోసే లెక్క పనికిరాదు. గ్లాసు బియ్యానికి గ్లాసున్నర నీళ్లు, పాత బియ్యమైతే ఇంకో పావు, కొత్తవైతే పావు తగ్గించు. మొదటి రెండు రోజులు ముద్దవుతుంది లేదా పలుకవుతుంది, మూడో రోజుకి నీ లెక్క నీకు దొరుకుతుంది. ఇంకొకరి లెక్క ఆ తర్వాత పనికిరాదు, నాది కూడా.

నేను రోజూ చేసేది ఇదీ. కుక్కరు అడుగున గ్లాసున్నర నీళ్లు పోసి స్టాండు పెడతాను. అరగంట నానిన కందిపప్పు గ్లాసు, రెండున్నర గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, రెండు చుక్కల నూనె వేసి ఆ గిన్నె కింద. దాని మీద బియ్యం గిన్నె. పన్నెండు నిమిషాలు పెట్టి, ఆవిరి దానంతటది దిగేదాకా ముట్టుకోను. పప్పులో ఉప్పూ చింతపండూ ముందే వేయకు. పులుపు తగిలితే పప్పు బిర్రబిగుసుకుంటుంది, ఎంతసేపు పెట్టినా పలుకు పోదు. మామిడికాయ పప్పు చేసే రోజున ముక్కల్ని ఇంకో చిన్న గిన్నెలో వేసి అన్నం గిన్నె పక్కన ఇరికిస్తాను. తర్వాత పప్పు మెదిపి, ముక్కలు కలిపి, ఉప్పేసి, పోపు పెట్టడమే. పోపు కూడా దీంట్లోనే పెట్టొచ్చు, సాటే అని రాసి ఉండే బటన్ అందుకే. అయినా నాకు ఇనప గరిటెలో ఎండుమిరపకాయ చిటపటలాడితేనే పోపు పెట్టినట్టుంటుంది.

కూర నేరుగా వండేటప్పుడు స్క్రీను మీద బర్న్ అని, అంటే అడుగంటుతోందని, వస్తే భయపడకు. ఉల్లిపాయలూ మసాలా వేగాక అడుగున పట్టినదాన్ని అర గ్లాసు నీళ్లు పోసి చెక్క గరిటెతో గీకి శుభ్రం చెయ్యి, ఆ తర్వాతే మిగతా నీళ్లు పోసి మూత పెట్టు. ఎంత ముక్క నుంచి నీరు దిగినా మొత్తం మీద గ్లాసుకి తక్కువ పోయకు. జీడిపప్పు ముద్ద, కొబ్బరిపాలు ఎప్పుడూ చివర్లో, మూత తీశాకే. వేటమాంసానికి పాతిక నిమిషాలు, నాటుకోడికి ఇరవై, ఫారం కోడికి ఆరు చాలు. మాంసానికి వాల్వు తిప్పి ఒక్కసారి ఆవిరి వదిలేస్తే ముక్క గట్టిపడుతుంది, ఓ పావుగంట ఆగు.

ఇది నిజంగా డబ్బులు రాబట్టుకునేది ఉలవచారు దగ్గర. రాత్రంతా నానిన ఉలవలు గ్లాసు, నీళ్లు ఆరు గ్లాసులు, నలభై నిమిషాలు. గ్యాసు మీదైతే సిలిండరు వంక చూసుకుంటూ నిలబడాలి. ఇక్కడ పెట్టేసి బజారుకి వెళ్లి వస్తాను. కట్టు వార్చి, చింతపండు రసం పోసి, మూత లేకుండా చిక్కబడేదాకా మరిగించు. కంద బచ్చలి కూడా బాగా కుదురుతుంది, ఐదు నిమిషాలకి ముక్క వెన్నలా ఉంటుంది. ఆవ ముద్ద మాత్రం పూర్తిగా దించాక కలుపు, వేడి మీద ఘాటు ఎగిరిపోతుంది.

రొయ్యలు దీంట్లో పెట్టకు. మీ ఇంటికి చెరువుల మీంచి బుట్టలు బుట్టలు వస్తాయని తెలుసు, అయినా వద్దు, ఒత్తిడికి రబ్బరైపోతాయి. పులస సంగతి వేరే చెప్పాలా! పుస్తెలమ్మైనా తినమన్నారు గానీ కుక్కర్లో పెట్టి తినమనలేదు.

ఇడ్లీకి వాల్వు తెరిచి ఉంచాలి. ఒత్తిడి పట్టదు కాబట్టి చాలావాటిలో దాని టైమర్ నడవదు, ఫోన్లో అలారం పెట్టుకో, పన్నెండు నిమిషాలు. మా అంబాజీపేట పొట్టిక్కలకైతే ఇరవై. పనసాకు బుట్టలు ఆరు లీటర్ల దాంట్లో నాలుగు నిలబడతాయి, ఐదోది పెడితే ఒరుగుతుంది.

ఆవిరి వదిలేటప్పుడు చేత్తో కాకుండా గరిటె కాడతో వాల్వు తిప్పు. ఆ ఆవిరి నిట్టనిలువుగా లేస్తుంది, అందుకని స్విచ్ బోర్డు కిందా చెక్క అరమర కిందా పెట్టకు. కడగడం నీకు చెప్పక్కర్లేదు గానీ కింది భాగం కుళాయి కింద పెట్టకు, తడిగుడ్డతో తుడువు. రాత్రిళ్లు గుడ్డ కప్పి ఉంచు, అడుగు చిల్లుల్లోంచి బొద్దింకలు దూరి లోపలి బోర్డు పాడు చేస్తాయి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కదా, గిన్నెకి తెల్లటి మచ్చలు కడితే నిమ్మచెక్కతో రుద్దితే పోతాయి.

శనివారం పనసకాయ కొట్టిస్తున్నాను. నీకు పొట్టు డబ్బాలో పెట్టి, మధ్యాహ్నం భీమవరం బస్సులో తెలిసిన కుర్రాడిచేత పంపిస్తాను. బస్టాండులో దించుకో. ఉప్పూ పసుపూ వేసి మూడు నిమిషాలే పెట్టి, వెంటనే ఆవిరి వదిలేసి, వార్చి గట్టిగా పిండు. ఈలోపు గిన్నెల కొలత నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ మావయ్య