మనసు ఒప్పుకోకపోయినా ఆరింటికి లే

చిన్నా,

నీ మెసేజ్ చదివాను. "ఏ పనీ చేయబుద్ధి కావట్లేదు పెద్దమ్మా, నేను సోమరిపోతునైపోయిన" అని రాశావు. పని ఎగ్గొడితే సోమరికి హాయిగా ఉంటుంది. నీకు హాయిగా ఉందా? మీ అమ్మ ఫోన్‌లో చెప్పినవి కూడా కలిపి చూశాను. నెలన్నర నుంచి తిండి సయించడం లేదు. రాత్రి మూడింటికే మెలకువ వచ్చి, తెల్లవారుజామున మళ్లీ పడుకుంటే పదకొండు దాకా లేవడం లేదు. క్రికెట్ అంటే ప్రాణం పెట్టేవాడివి, స్కోరు కూడా అడగడం లేదు. ఏం మాట్లాడినా చివరికి "నా వల్లనే బాపుకు అప్పులు" దగ్గరికి వస్తున్నావు. డాక్టర్లు డిప్రెషన్ అనేది ఇంచుమించు దీన్నే. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా, రోజూ ఇలాగే ఉంటే వచ్చి చూపించుకోమంటారు. నీకు ఆ రెండు వారాలు ఎప్పుడో దాటిపోయాయి.

ఊళ్లో దిష్టి తగిలిందన్నవాళ్లు ఉన్నారట. పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందన్నవాళ్లూ ఉన్నారట. పెళ్లి సంగతి నాకు వదిలెయ్, మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ పెద్దబాపు పోయిన తర్వాతి ఏడాది నేనూ ఇలాగే ఉన్నాను, నీకు అప్పుడు తెలిసే వయసు కాదు. బడికి పోయి పాఠం చెప్పేదాన్ని, ఇంటికొచ్చి లైటు కూడా వేయకుండా కూర్చునేదాన్ని. వచ్చినవాళ్లంతా "గట్టిగుండాలె టీచరమ్మా, ధైర్యం తెచ్చుకోవాలె" అన్నారు. ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

నీకు పట్టుదల లేదని నువ్వు అనుకుంటున్నావు. గ్రూప్స్ అనీ, కానిస్టేబుల్ అనీ ఇన్నేళ్లు నయీంనగర్ రూములో కూర్చుని చదివినవాడికి పట్టుదల లేకపోవడమేంటి? ఉంది, కానీ దాన్ని పని చేయని చోట ఖర్చు పెడుతున్నావు. "రేపటి నుంచి బాధపడను, పాజిటివ్‌గా ఉంటా" అని రాత్రి ఒట్టు పెట్టుకుంటావు. తెల్లారేసరికి బాధ అక్కడే ఉంటుంది, పైగా ఒట్టు తప్పానన్న బాధ ఇంకొకటి తోడవుతుంది. మనసు మన మాట వినే స్థితిలో ఉంటే అసలు ఈ జబ్బే లేదు. చేతులూ కాళ్లూ మాత్రం ఇంకా వింటాయి. నీ మొండితనమంతా వాటి మీద చూపించు.

మీ బావి మీది పాత మోటరు గుర్తుందా? స్విచ్ ఎన్నిసార్లు వేసినా ఉత్తగనే తిరిగేది, పైపులో బిందెడు నీళ్లు పోస్తే తప్ప నీళ్లు ఎత్తుకునేది కాదు. ఇక్కడ కూడా అంతే. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని కూర్చుంటే అది రాదు. ముందు కొంచెం పని జరగాలి, ఉత్సాహం ఆ తర్వాత నిదానంగా వస్తుంది. కొన్నిరోజులు రాదు కూడా, అయినా పని ఆపొద్దు. ఇది నా సొంత వేదాంతం కాదు. కౌన్సెలింగ్ చేసేవాళ్లు డిప్రెషన్‌కు ఇదే పద్ధతిని ఒక చికిత్సగా వాడతారు. ఏ గంటకు ఏ పనో ముందే కాగితం మీద రాయించి, ఆ గంటకు మనసు ఎలా ఉన్నా ఆ పని చేయమంటారు.

పని ఎంత చిన్నదంటే, ఇతరులకు చెప్పుకోవడానికి సిగ్గుపడేంత చిన్నదిగా ఉండాలి. మొదటి వారం నీకు మూడే పనులు. ఆరింటికి లేచి కాళ్లు కింద పెట్టడం. ముఖం కడుక్కొని, పళ్లు తోముకొని చెప్పులు వేసుకోవడం. మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్లడం. కిందికి దిగాక తిరిగి పైకి రావాలనిపిస్తే వచ్చెయ్, తప్పేం లేదు. కానీ దిగకుండా ఉండొద్దు. చదువు, గది సర్దడం, జీవితంలో ఏం చేయాలన్న ఆలోచన, ఇవేవీ మొదటి వారం జాబితాలో లేవు.

ఆరింటికే ఎందుకంటే, నిద్ర ఎప్పుడు పడుతుందో మన చేతిలో లేదు, ఎప్పుడు లేస్తామో కొంత చేతిలో ఉంది. రాత్రి మూడింటి దాకా మెలకువగా ఉన్నా సరే ఆరింటికే లేవాలి. మొదట్లో పగలంతా తల దిమ్ముగా ఉంటుంది. మధ్యాహ్నం పడుకోవాల్సి వస్తే అరగంటకు అలారం పెట్టుకో. కొన్ని రోజులకు ఒళ్లే రాత్రి నిద్ర అడగడం మొదలుపెడుతుంది. లేవగానే ఎండ కంటపడాలి. మన ఒంట్లో నిద్రను నడిపే గడియారం వెలుగును చూసే టైము సరిచేసుకుంటుంది, మీ రూముకున్న ఒక్క కిటికీ కూడా పక్క బిల్డింగు గోడకే కదా తెరుచుకునేది.

నడకకు నీకు దగ్గర కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్. సుబేదారి వైపు వెళ్లాలనిపిస్తే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ ఉంది. నేనైతే ఇప్పటికీ వడ్డేపల్లి చెరువు కట్ట మీదికే పోతాను. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది మామూలుగా ఉన్నవాళ్ల లెక్క అనుకో, నువ్వు పది నిమిషాలతో మొదలుపెట్టు. ఓరుగల్లు ఎండల సంగతి నీకు చెప్పాలా? మే నెలలో ఏడు దాటితే నడక కాదు, శిక్ష. అందుకే ఆరు అంటున్నాను. ముసురు పట్టిన రోజు గొడుగు వేసుకుని టీ కొట్టు దాకా పోయి వచ్చినా లెక్కలోకే వస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే పెట్టుకో, కానీ మోటివేషన్ వీడియోలు వద్దు. వాటిలో అరిచేవాడు ఎవడైనా సరే, విన్న గంటకే "నేను అలా లేను" అన్న బాధ మిగులుతుంది. పాటలు విను, కామెంటరీ విను.

ఒంటరిగా నడవడం కన్నా తోడుంటే మేలు. మీ రూమ్మేట్‌కు చెప్పు, "నన్ను రోజూ లేపు, నేను తిట్టినా లేపు" అని. విషయమంతా చెప్పక్కర్లేదు.

ఇక మంచం సంగతి. మీ రూముల్లో మంచమే సోఫా, అదే టేబులు, అదే డైనింగ్ హాలు. చదువూ దాని మీదే, ఫోనూ దాని మీదే, ఏడుపూ దాని మీదే. ఇక రాత్రి దాని మీద నిద్ర ఎలా వస్తుంది? ఒక చాప కొనుక్కో. పగలంతా కింద కూర్చో, గోడకు ఆనుకో, మంచం ఎక్కొద్దు. సాయంత్రం నాలుగు దాటాక టీ మానెయ్. ఫోన్ చార్జింగ్ తలుపు దగ్గరి ప్లగ్గులో పెట్టు, చెయ్యి అందితే మూడింటికి తీసి ఫలితాల గ్రూపులు చూస్తావు. అసలు ఆ టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి కొన్నాళ్లు బయటికి రా. నోటిఫికేషన్ పడితే హన్మకొండలో నీకు తెలియకుండా ఉండేది లేదు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. ఇది తింటే డిప్రెషన్ పోతుందని వాట్సాప్‌లో తిరిగేవన్నీ పక్కన పెట్టు. ఏ తిండైనా మూడు పూటలా టైముకు కడుపులో పడటమే ముఖ్యం. ఆకలి లేదని పొద్దంతా మాడి, రాత్రి పదకొండింటికి బిర్యానీ తింటే నిద్రా పాడు, మర్నాడూ పాడు. మెస్సుకు పోవాలనిపించకపోతే కర్రీ పాయింట్ పప్పు, రెండు ఉడికించిన గుడ్లు, ఒక అరటిపండు సరిపోతాయి. కుక్కర్ ఉంది కాబట్టి పెసరపప్పు కిచిడీ చేసుకో. జొన్న రొట్టెలు, పల్లీల పొడి మీ అమ్మతో పంపిస్తాను.

దావత్‌లు వద్దనను, మన దగ్గర దావత్ లేని వారమేది? కానీ తాగొద్దు. నీ దోస్తులు "ఒక పెగ్గేస్తే అన్నీ మర్చిపోతవ్ రా" అంటారు. రెండు గంటలు మర్చిపోతావు, నిజమే. నిద్ర కూడా తొందరగా పట్టినట్టే ఉంటుంది. అర్ధరాత్రి దాటాక ఆ నిద్ర చెదిరిపోతుంది, మర్నాడు దిగులు ముందుకన్నా ఎక్కువగా ఉంటుంది. రేపు మాత్రలు మొదలుపెడితే వాటి మీద తాగడం ప్రమాదం కూడా. థమ్సప్ చేతిలో పట్టుకుని కూర్చో, ఎవరూ గిలాస వాసన చూడరు.

నీకు నచ్చని మాట ఇప్పుడు చెబుతున్నాను. ఇవన్నీ చేస్తూ డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాలి. నడక, నిద్ర, తిండితో తేలికపాటి డిప్రెషన్ చాలామందికి తగ్గుతుంది. నెలన్నరగా తిండి సయించనివాడికి అది చాలకపోవచ్చు. ముందు రక్తపరీక్షలు చేయించాలి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బి12 తగ్గినా ఇలాంటి నీరసం, దిగులే వస్తాయి. అవేమీ లేకపోతే డాక్టరు కౌన్సెలింగ్ చెబుతాడు, అవసరమనుకుంటే మాత్రలు రాస్తాడు.

మాత్రలంటే నీ భయం నాకు తెలుసు, నాకూ ఉండేది. ఈ రోజుల్లో డిప్రెషన్‌కు మామూలుగా రాసేవి నిద్రమాత్రల్లాగా అలవాటు పడేవి కావు. మొదటి వారం, పది రోజులు కడుపులో తిప్పినట్టు, తల నొచ్చినట్టు ఉండొచ్చు. ఆ తర్వాత గానీ గుణం కనపడదు, రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు కూడా పడుతుంది. చాలామంది ఈ మధ్యలోనే "పని చేయట్లేదు" అని మానేస్తారు. ఇంకొందరు బాగైందని మానేస్తారు, అది ఇంకా చెడ్డది. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, ఆపేటప్పుడు డాక్టరే కొద్దికొద్దిగా తగ్గిస్తాడు. మొదలుపెట్టిన కొత్తలో మనసు మరీ అల్లకల్లోలంగా అనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పు, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. నీ పట్టుదల నిజంగా పనికొచ్చే చోటు ఇది కూడా.

ఉద్యోగానికి అడ్డం వస్తుందేమో, ఎక్కడైనా రికార్డు అవుతుందేమో అని అడిగావు. నీ చికిత్స వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. షుగరు వచ్చినవాడు డాక్టరు దగ్గరికి పోయినంత మామూలుగా పోవచ్చు. మీ అమ్మ భద్రకాళి అమ్మవారికి మొక్కుకుందట, పోయి మొక్కు తీర్చుకో, గుళ్లో కాసేపు కూర్చో. మాత్ర వేసుకోవడం అమ్మవారికి కోపం తెప్పించదు.

ఒక్క సంగతి సూటిగా అడుగుతాను, అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అబద్ధం. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? వస్తే సిగ్గుపడొద్దు, ఈ జబ్బు చాలామందికి తెచ్చిపెట్టే ఆలోచనే అది, జబ్బు తగ్గితే అదీ తగ్గుతుంది. కానీ వచ్చిన క్షణం రూములో ఒక్కడివే ఉండొద్దు. కిందికి దిగి టీ కొట్టు దగ్గర, మనుషుల మధ్య కూర్చుని నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రైనా సరే. నేను ఎత్తకపోతే 14416కు చెయ్. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, 24 గంటలూ పని చేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంటి దగ్గర పత్తికీ మిరపకూ తెచ్చిన మందులు నువ్వు ఊరికి వెళ్లే లోపే మీ చిన్నాయన వాళ్ల కొట్టంలో పెట్టి తాళం వేయమని మీ బాపుకు చెప్పాను. కోపం తెచ్చుకోకు. ఇంట్లో ఎవరి మనసు బాగా లేకపోయినా చేయాల్సిన పనే అది.

చదువు సంగతి రెండో నెలలో చూద్దాం. అప్పుడు కూడా పొద్దున ఇరవై నిమిషాలు, ఒక చిన్న చాప్టర్, లైబ్రరీలో. గదిలో కాదు.

మధ్యలో చెడ్డ రోజులు వస్తాయి. నాలుగు రోజులు బాగుండి ఐదో రోజు మళ్లీ లేవలేకపోతే, మొదటికే వచ్చిందని అనిపిస్తుంది. రాలేదు. కోలుకోవడం అలా ఎగుడుదిగుడుగానే ఉంటుంది, తిన్నగా పైకి పోదు. అలాంటి రోజు కోసం ముందే ఒక చీటీ రాసి గోడకు అంటించు: స్నానం, ఒక పూట అన్నం, ఒకరికి ఫోన్. ఆ రోజుకు అంతే. కిరాణా కొట్టువాళ్లిచ్చే క్యాలెండరు ఉంటుంది కదా, చేసిన పనికి అందులో గీత పెట్టు. చేయనిదానికి ఏమీ రాయకు. నెలాఖరుకు నీ మనసు "ఏమీ చేయలేదు" అని చెబుతుంది, అప్పుడు చూపించడానికి ఆ గీతలు పనికొస్తాయి. డాక్టరు అడిగినా అదే చూపించు.

మంగళవారం వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఓపీకి నీతో నేనూ వస్తాను. మాట్లాడలేకపోతావేమోనని భయపడకు. నిద్ర, ఆకలి, ఎన్నాళ్ల నుంచి, ఏ ఆలోచనలు, ఈ నాలుగూ కాగితం మీద రాసుకొస్తే డాక్టరు చేతికే ఇవ్వొచ్చు. నన్ను లోపలికి రావద్దంటే బయటే కూర్చుంటాను. ఆధార్ కార్డు, పోయినేడు జ్వరం వచ్చినప్పుడు చేయించిన రక్తపరీక్షల కాగితాలు పట్టుకో. ఎనిమిదింటికి హన్మకొండ చౌరస్తాలో ఉంటాను. టిఫిన్ తినే రా, లైను పెద్దగానే ఉంటుంది.

మీ పెద్దమ్మ