కుక్క కరవలేదు సరే, కేస్ షీట్‌లో ఏం రాయించారు?

ప్రశ్న: మాది మలక్‌పేటలో అపార్ట్‌మెంట్. మా అమ్మకు 64 ఏళ్లు. అయిదు నెలల కిందట ఒక సాయంత్రం పాల ప్యాకెట్ కోసం కిందికి దిగింది. రెండో అంతస్తులో ఉండే అతను తన లాబ్రడార్‌ను గొలుసు లేకుండా సెల్లార్‌లో వదిలేశాడు. అది పరుగెత్తుకొచ్చి అమ్మ మీదికి ఎగిరింది. కరవలేదు గానీ అమ్మ పడిపోయి కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేట్ వేశారు. ఇన్సూరెన్స్ పోను చేతి నుంచి 90 వేలు అయ్యాయి. ఇప్పటికీ అన్నం కలుపుకోలేకపోతోంది. ఆమెను చూస్తుంటే నాకు నిద్ర పట్టడం లేదు. అతను మొదట ఖర్చులన్నీ ఇస్తానన్నాడు. ఇప్పుడేమో ‘కరవలేదు కదా, టీకాలన్నీ వేయించాను, అసలు ఆ కుక్క మా బావమరిదిది’ అంటున్నాడు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు, పోలీసు కేసయితే ఇన్సూరెన్స్ ఆలస్యమవుతుందని అక్కడివాళ్లు అనడంతో ‘బాత్‌రూమ్‌లో జారిపడింది’ అని రాయించాం. అది మార్పించి ఇస్తామని ఇప్పుడు తెలిసినవాళ్లు అంటున్నారు. ఆరు నెలలు దాటితే కేసు పెట్టలేమని కూడా విన్నాను. మాకు న్యాయం జరుగుతుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ కేసును తేల్చేది కుక్క కాదు, ‘బాత్‌రూమ్‌లో జారిపడింది’ అని మీరు రాయించిన ఆ ఒక్క మాట.

మీ అమ్మగారు సాక్ష్యం చెప్పడానికి బోనెక్కగానే ఎదుటి వకీలు ఆ కేస్ షీట్ చూపించి, ‘అమ్మా, ఇది మీరు చెబితే రాసిందేనా?’ అని అడుగుతాడు. ఔనంటే, కుక్క సంగతి డబ్బు కోసం తర్వాత అల్లారంటాడు. కాదంటే, ఆసుపత్రిలో అబద్ధం చెప్పినవాళ్లు ఇక్కడ మాత్రం నిజం చెబుతారా అంటాడు. దెబ్బ తగిలిన గంటకు డాక్టరుతో చెప్పిన మాటకు కోర్టు ఇచ్చే విలువ, అయిదు నెలల తర్వాత రాసే ఫిర్యాదుకు ఇవ్వదు. క్లెయిమ్ నాలుగు రోజులు ముందు వస్తుందని అంత గట్టి సాక్ష్యాన్ని చేతులారా పాడుచేసుకున్నారు. ఎవరో కౌంటర్ దగ్గర అన్న మాట పట్టుకుని చేయాల్సిన పని కాదది.

ఇప్పుడు దాన్ని మార్పిస్తారా? ఆ పని చేయకండి. ఆ కేస్ షీట్ నకలు ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది. ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉంది. డిశ్చార్జి కాగితాల్లోనూ అదే మాట ఉండి ఉంటుంది. ఒక్క చోట దిద్దితే మిగతా చోట్ల పట్టుబడతారు. కోర్టులో వాడటానికి దొంగ సాక్ష్యం పుట్టించడం భారతీయ న్యాయ సంహిత 228, 229 సెక్షన్ల కింద ఏడేళ్ల దాకా జైలు పడే నేరం. కుక్కను వదిలేసిన మనిషికి పడే గరిష్ఠ శిక్ష మూడేళ్లు. బాధితులైన మీరు అంతకంటే పెద్ద నేరంలో ఇరుక్కుంటారు. పైగా ఆ దిద్దుబాటు బయటపడిన రోజున, నిజంగా జరిగినదాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఇలా చేస్తే పని అవుతుందని చెప్పిన మనిషికి మళ్లీ ఫోన్ కూడా చేయకండి.

కేస్ షీట్‌ను ఉన్నది ఉన్నట్టే కోర్టుకు చూపించండి. ఎందుకు అలా రాయించామో మొదటి ఫిర్యాదులోనే మీ అంతట మీరే చెప్పండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా నిజం ఉత్తరం రాసి రసీదు ఉంచుకోండి. అవతలివాళ్లు బయటపెట్టేలోగా మీరే చెబితే అది పొరపాటుగా మిగులుతుంది. ఆ తర్వాత ఆ మాటను తోసిరాజనే సాక్ష్యం కావాలి. సెల్లార్‌లో పడి ఉన్న మీ అమ్మగారిని లేపింది ఎవరు? వాచ్‌మనా, ఇస్త్రీ అబ్బాయా, పక్క ఫ్లాటు ఆమెనా? సెల్లార్ నేల మీద నుంచి లేపిన ఒక్క మనిషి చెబితే చాలు, బాత్‌రూమ్ మాట నిలవదు. ఇంత రాసిన మీరు ఆ సంగతే రాయలేదు. సీసీ కెమెరా ఊసు కూడా లేదు. అపార్ట్‌మెంట్ కెమెరాల్లో పాత రికార్డింగ్ సాధారణంగా కొన్ని వారాలకే చెరిగిపోతుంది. అయినా ఎవరైనా అప్పుడే ఫోన్‌లో తీసి ఉంచారేమో అడగండి.

ఖర్చులిస్తానని అతను నోటితో అన్నాడా, వాట్సాప్‌లో పెట్టాడా? వాట్సాప్‌లో ఉంటే మీ కేసుకు ప్రాణం అదే. బాత్‌రూమ్‌లో జారిపడిన ఆమెకు పైఅంతస్తు మనిషి డబ్బులెందుకు ఇస్తానన్నాడు? ఈ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉండదు. ఆ చాట్ తుడిచేయకండి, ఫోన్ మార్చకండి. ప్రింటు తీసి కోర్టులో వేస్తే భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద సర్టిఫికెట్ జత చేయాలి. అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. వట్టి స్క్రీన్‌షాట్లు పట్టుకుని వెళితే పని జరగదు.

అతను చెప్పే మూడు సాకుల్లో దేనికీ బలం లేదు. కరవడం కరవకపోవడం చట్టానికి ముఖ్యం కాదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పెంపుడు కుక్క తరమడంతో ఒక డెలివరీ కుర్రాడు మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ప్రాణం తీసింది కాటు కాదు, ఆ పడటం. అయినా పోలీసులు కుక్క యజమాని మీద కేసు పెట్టారు. టీకా రేబిస్‌ను ఆపుతుంది గానీ మీద పడే కుక్కను ఆపదు. ఇక బావమరిది సంగతి. జంతువు విషయంలో అజాగ్రత్తను శిక్షించే న్యాయ సంహిత 291 సెక్షన్ యజమాని ఎవరని అడగదు, జంతువు ఎవరి స్వాధీనంలో ఉందని అడుగుతుంది. ఆ సాయంత్రం గొలుసు విప్పింది ఎవరో అతనే బాధ్యుడు. పెంపుడు కుక్కకు జీహెచ్‌ఎంసీలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది ఎవరి పేరున ఉన్నా మీ కేసు పోదు.

అయితే 291లో మీరు గమనించాల్సింది ఒకటుంది. ప్రాణానికో, తీవ్ర గాయానికో ప్రమాదం ఉండవచ్చని తెలిసే అవకాశం ఉన్నా జాగ్రత్త తీసుకోలేదని చూపించాలి. ఆ కుక్క ఇంతకుముందు పిల్లల మీదికో, కొరియర్ మనిషి మీదికో ఎగిరిందా? అసోసియేషన్ మీటింగు పుస్తకంలో, గ్రూపులో ఎవరైనా ఫిర్యాదు చేశారా? ఉంటే నకళ్లు తీసుకోండి. ‘లాబ్రడార్ సాధు జంతువు’ అనే వాదనకు అదే జవాబు.

కాలపరిమితి గురించి మీరు విన్నది తప్పు. ఆరు నెలల గడువు జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాలకు. 291 కింద ఆరు నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చు కాబట్టి భారతీయ నాగరిక సురక్షా సంహిత 514 ప్రకారం గడువు ఏడాది. ఎముక విరగడం చట్టంలో తీవ్ర గాయం. అందువల్ల నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేయడాన్ని శిక్షించే న్యాయ సంహిత 125(బి) కూడా వర్తిస్తుంది. దాని శిక్ష మూడేళ్ల దాకా, గడువు మూడేళ్లు. నష్టపరిహారం దావాకూ మూడేళ్లే. గడువు ఉంది కదా అని ఊరుకోకండి. ఇప్పటికే అయిన ఆలస్యానికి కారణం చెప్పాలి. అమ్మగారి ఆపరేషన్, అతను డబ్బిస్తానని తిప్పించడం నిజమైన కారణాలే, అవే రాయండి.

ఫిర్యాదు మీ పేరున వద్దు. మీరు కళ్లారా చూసినట్టు ఎక్కడా రాయలేదు. అమ్మగారి మాటల్లో, ఆమె సంతకంతో ఉండాలి. కుడిచేత్తో సంతకం కుదరకపోతే వేలిముద్ర వేయించండి. వాంగ్మూలం కోసం మహిళా సాక్షిని స్టేషన్‌కు పిలిపించకూడదు, పోలీసులే ఇంటికి రావాలి, నాగరిక సురక్షా సంహిత 179 సెక్షన్ చెబుతున్నది అదే. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే అదే చట్టం 173(4) కింద పై అధికారికి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు.

మీకు కావలసింది డబ్బయితే ముందు లీగల్ నోటీసు ఇచ్చి, పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు న్యాయసేవాధికార సంస్థలో దావాకు ముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టండి. మహిళ కాబట్టి మీ అమ్మగారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, ఇవ్వకపోతే వసూలు చేయవచ్చు. అపార్ట్‌మెంట్ పెద్దలు స్టాంపు కాగితం మీద రాయించే రాజీకి ఆ బలం లేదు, దాని మీద సంతకం పెట్టకండి. చేతి నుంచి పెట్టింది, ఇన్సూరెన్స్ ఇచ్చింది విడివిడిగా రాసి, ఫిజియోథెరపీ రసీదులు, పనిమనిషికి అదనంగా ఇచ్చిన జీతం లెక్క జతచేయండి. ఆ లేపిన మనిషి ఎవరో మాత్రం ఈ రాత్రే కనుక్కోండి. వాచ్‌మన్ అయితే ఉద్యోగం మారి ఊరెళ్లిపోయేలోగా పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుకోండి.