అలారం మోగినా అపార్ట్‌మెంట్లో జనం వెంటనే ఎందుకు దిగరు?

బరంపురంలో ఏడో అంతస్తులో ఉండే ఒకరి ప్రశ్న ఇది.

భయం లేక కాదు, నమ్మకం కుదరక. మోత వినగానే బాల్కనీలోంచి తొంగిచూస్తారు, పక్కింటివాళ్లని అడుగుతారు, వాట్సాప్ గ్రూపు చూస్తారు. పక్కవాళ్లు కదలకపోతే తామూ ఆగిపోతారు. ఆపైన పెద్దవాళ్లని లేపడం, బంగారం, కాగితాలు వెతకడం. విలువైన నిమిషాలు ఎక్కువగా ఇక్కడే పోతాయి. ఉత్త గంట కన్నా మనిషి గొంతు బాగా పనిచేస్తుంది. మన దగ్గరైతే తెలుగులో, ఒడియాలో రెండింటిలోనూ “మంటలు, మెట్ల మీంచి దిగండి” అని అరిచి చెప్పాలి.

టెన్షన్‌లో కాళ్లు రోజూ వాడే లిఫ్ట్ వైపే వెళ్తాయి. కరెంటు పోతే అందులో ఇరుక్కుంటారు, పొగ కూడా అటే పాకుతుంది. చాలాసార్లు ప్రాణం తీసేది మంట కాదు, పొగ. దయచేసి మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, పాత సైకిళ్లు పెట్టకండి.

2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన అపార్ట్‌మెంట్లో మంటలు చెలరేగి 72 మంది చనిపోయారు. ఇళ్లలోనే ఉండమన్న సలహాను ఫైర్ సిబ్బంది దాదాపు రెండు గంటలు మార్చలేదు. అలాగని పొగ నిండిన మెట్లలోకి దూకొద్దు. తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గర నిలబడి 101కి ఫ్లాట్ నంబరు చెప్పండి.