నాగజెముడు పండు తింటే మూత్రం ఎర్రబడుతుంది, అది విషమా?

నాగజెముడు పండ్లు తిన్నాక మూత్రం ఎర్రగా వచ్చిందనీ, ఆ పండులో విషమేమైనా ఉందా, అసలు పోషకాలుంటాయా అనీ అడిగారు. విషం లేదు. కనిగిరి వైపు మెట్టచేల కంచెల్లో ఆ పండ్లు కోసుకు తిని పెరిగినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, గొర్రెల వెంట వెళ్లిన ఒక మధ్యాహ్నం, పండ్లను పుల్లతో రాల్చి, ఇసుకలో దొర్లించి, చొక్కా అంచుతో తుడిచి పది దాకా తిన్నాను. సాయంత్రం మూత్రం నెత్తురులా కనబడేసరికి ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను. నాయన ఆసుపత్రికని బండి కట్టబోతుండగా మా అవ్వ నా నోరు తెరిపించి, ఊదా రంగుకు తిరిగిన నాలుకను చూసి, “నెత్తురు కాదురా, జెముడుపండు రంగు” అని తేల్చి, నాలుకలో దిగబడిన నూగుముళ్లను దీపం వెలుగులో చాలాసేపు ఏరింది.

ఆ రంగు బెటానిన్ అని చాలా కాలానికి తెలిసింది. బీట్‌రూట్ ఎరుపు కూడా అదే. నేరేడు పండుకు రంగునిచ్చే ఆంథోసయనిన్ వేరు; ఈ రెండు జాతుల రంగులూ ఒకే మొక్కలో కలిసి ఉండవు. కొందరిలో బెటానిన్ పూర్తిగా విరిగిపోక మూత్రంలోకి దిగుతుంది, అంతే.

అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో ఈ రకం పండు 100 గ్రాములకు సి విటమిన్ 14 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 85 మిల్లీగ్రాములు, పీచు 3.6 గ్రాములు అని ఉంది. సి విటమిన్‌లో జామకాయ ముందు ఇది దిగదుడుపే గాని, మెగ్నీషియంలో జామే దీనికి సాటిరాదు. అయినా మనవాళ్లు ఒంగోలు బజారులో డ్రాగన్ పండును అడిగినంత ధర పెట్టి కొంటారు. అదీ ఈ కుటుంబపు మొక్కే, ఎర్ర గుజ్జు రకానికి ఆ రంగు వచ్చేదీ ఇటువంటి పదార్థాల వల్లనే అని చెబితే నమ్మరు. ఇంకొందరు నాగజెముడు పండ్ల రసాన్ని గంటసేపు మరిగించి షర్బతు చేస్తున్నారు. బెటానిన్ గాని, సి విటమిన్ గాని అంత వేడికి నిలవవు. మిగిలేది చక్కెర పాకమే.

నూగును నిప్పుల మీద కాసేపు దొర్లించి కాల్చి, తోలు తీసి తినండి. గింజలు గట్టివి, ఎక్కువగా మింగితే మలబద్ధకం చేస్తుంది. పండ్లు మానిన రెండు రోజులకు కూడా ఎరుపు కనబడితే మాత్రం ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోండి.