కయోటీకి దెబ్బ తగిలింది, పొదల్లోకి పోయింది, నెత్తురు లేదు. వెతకాలా, వదిలేయాలా?

ఇవాళ పొద్దుగూకే ముందు 150 గజాల్లో కయోటీని (నక్కలా ఉండే అమెరికా అడవి జంతువు) రైఫిల్‌తో కొట్టారు, అది గిర్రున తిరుగుతూ తన డొక్క కొరుక్కుని పొదల్లోకి ఉరికింది, అది నిలబడ్డ చోట నెత్తురు చుక్క కనబడలేదు, తగల్లేదనుకుని వదిలేయనా అని అడిగారు. వదిలేయకండి, తగిలింది. ఉత్త చప్పుడుకి బెదిరిన కయోటీ నేరుగా పారిపోతుంది గానీ ఆగి తన ఒంటిని తను కొరుక్కోదు.

నేను టెక్సస్‌లో శాన్ ఆంజెలో వైపు మేకలూ గొర్రెలూ పెంచే మిత్రుడి రాంచ్‌కి చలికాలంలో వెళ్తుంటాను. మేకలు ఈనే రోజుల్లో కయోటీల వల్ల వాళ్లకి జరిగే నష్టం చిన్నది కాదు, కాబట్టి కొట్టడం తప్పని నేను అనను. కానీ కొట్టిన దాన్ని వెతక్కుండా ఇంటికి పోవడం తప్పే. పొట్టలో తూటాతో ఒక జంతువు రాత్రంతా, ఒక్కోసారి రోజుల తరబడి బతికే ఉంటుంది.

నెత్తురు లేకపోవడం గురించి. .223, .22-250 లాంటి చిన్న, వేగమైన తూటాలు చాలాసార్లు లోపలే ముక్కలైపోతాయి, అవతలికి బయటకు రావు. లోపలికి వెళ్లిన రంధ్రం బఠాణీ గింజంత కూడా ఉండదు, పైగా చలికాలపు దట్టమైన బొచ్చు కారిన నెత్తుర్ని పీల్చేస్తుంది. అందుకని మొదటి చుక్క కొంత దూరం పోయాక గానీ నేల మీద పడదు. మీరు నెత్తురు కోసం కాదు, ముందు వెంట్రుకల కోసం చూడండి. నల్ల కొసలున్న బూడిదరంగు వెంట్రుకలైతే దెబ్బ పైన, వీపు వైపు తగిలింది. తెల్లగా మెత్తగా ఉంటే కింద, పొట్ట వైపు. ఎముక ముక్కలు దొరికితే కాలికి తగిలి ఉండొచ్చు, అలాంటిది చాలా దూరం పోగలదు. తర్వాత నెత్తురు దొరికితే, లేత ఎరుపుతో నురగలా ఉంటే ఊపిరితిత్తులకు తగిలిందని, అది దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు రంగుంటే కాలేయం కావచ్చు, కండ కావచ్చు. పచ్చగా, కంపు కొడుతుంటే పేగులు. అప్పుడు వెంటపడి తరమకండి, కొన్ని గంటలు వదిలితే దగ్గర్లో ఎక్కడో పడుకుంటుంది, తరిమితే మైళ్లు పోతుంది. మీది పొద్దుటికి ఎలాగూ అంత టైమ్ అయిపోతుంది.

రేపు తెల్లవారగానే వెళ్లండి. ఎండ వాలుగా పడేటప్పుడు అడుగుజాడల అంచులకు నీడ వస్తుంది, మధ్యాహ్నం అదే జాడ కనబడదు. ముందు మీరు కాల్చిన చోటే కూర్చుని అది ఎక్కడ నిలబడిందో, చివరిగా ఎక్కడ కనబడిందో ఏదో ఒక చెట్టునో రాయినో గుర్తు పెట్టుకోండి, రెండు చోట్లా రంగు రిబ్బన్ కట్టండి. జాడ మీద నడవకండి, పక్కన నడవండి. దొరికిన ప్రతి చుక్క దగ్గరా టాయిలెట్ పేపర్ ముక్క పెడుతూ పోతే వెనక్కి తిరిగి చూసినప్పుడు అది ఏ దిక్కుకి పోయిందో గీత గీసినట్టు తెలుస్తుంది. ఆకు మీద ఎర్రమచ్చ నెత్తురా కాదా అని అనుమానమొస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లండి, నెత్తురైతే నురగ వస్తుంది. జాడ పూర్తిగా తప్పితే ఆఖరి చుక్క నుంచి వరసలు వరసలుగా, ఒక్క పొద కూడా వదలకుండా చూడాలి.

నేను చూసినంతలో దెబ్బ తిన్న కయోటీ ఎక్కువగా వచ్చిన దారినే వెనక్కి, వాగులోకో పల్లానికో దిగుతుంది. ఒకసారి మెస్కీట్ పొదలన్నీ గాలించి విసిగిపోయాక, రోడ్డు కింద నీళ్లు పోయే సిమెంట్ గొట్టంలో దొరికింది, దాని పైనుంచి మేం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం. (మెస్కీట్ మన సర్కారు తుమ్మ జాతిదే. కింద నాగజెముడు కూడా ఉంటుంది, ముళ్లు తట్టుకునే ప్యాంటు, బూట్లు వేసుకోండి, వెచ్చగా ఉన్న రోజైతే పాముల్ని చూసుకోండి.) కాస్త ఎండెక్కాక రాబందులు ఎక్కడ తిరుగుతున్నాయో కూడా గమనించండి.

జాడ కంచె దాటితే ఆగిపోండి. టెక్సస్‌లో దెబ్బతిన్న జంతువు వెంట కూడా స్థలం యజమాని అనుమతి లేకుండా పక్క భూమిలోకి వెళ్లకూడదు. చెట్లకో కంచె స్తంభాలకో ఊదా రంగు గీతలుంటే రావద్దని రాసిపెట్టినట్టే లెక్క. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి, గొర్రెలున్నవాళ్లయితే చాలామంది వాళ్లే వెతకడానికి వస్తారు.

కనబడగానే దగ్గరికి పరిగెత్తకండి. రైఫిల్ సిద్ధంగా పెట్టుకుని వెనక వైపు నుంచి వెళ్లి, పొడవాటి కర్రతో కంటిని తాకండి. రెప్ప కదిలితే వెంటనే ఇంకో తూటా వేసి బాధ ముగించండి. ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, కుక్కని దగ్గరికి పోనివ్వద్దు. 1988లో దక్షిణ టెక్సస్ కయోటీల్లో రేబిస్ పాకి, 1995 నుంచి విమానాల్లోంచి టీకా ఎరలు చల్లాల్సి వచ్చింది. ఆ టీకాలు బాగా పనిచేశాయి, అయినా గ్లవ్స్ వేసుకోండి, గజ్జి, పిడుదులు కూడా ఉంటాయి.

ఇకముందు కాల్చిన క్షణంలోనే బోల్ట్ లాగి ఇంకో తూటా ఎక్కించి, స్కోప్‌లోంచి కన్ను తీయకండి, లేచి నిలబడకండి. కాలర్‌లో (జంతువుల అరుపులు వినిపించి పిలిచే పరికరం) కయోటీ పిల్ల ఏడుపు పెడితే పారిపోయేది కూడా చాలాసార్లు ఒక్క క్షణం ఆగి వెనక్కి చూస్తుంది, రెండో దెబ్బకి అదే అదను. బొచ్చు వల్ల ఒళ్లు పెద్దగా కనిపిస్తుంది గానీ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అరచేతి కంటే మరీ పెద్దదేం కాదు, కాబట్టి అది నిలబడేదాకా ట్రిగ్గర్ నొక్కొద్దు.

పొద్దున వెళ్లాక ఏ రంగు వెంట్రుకలు దొరికాయో ఇక్కడ రాయండి, అక్కణ్ణుంచి ఎటు వెతకాలో చెప్తాను.