ఓడ రాకముందే బిల్ ఆఫ్ ఎంట్రీ వేయాలా? చెన్నైలో నా అనుభవం

మీ ప్రశ్న చదివాను. చైనా నుంచి మీ మొదటి కంటెయినర్ వస్తోంది, ఓడ చెన్నై చేరడానికి ఇంకా పది రోజులుంది. ఒరిజినల్ బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఓడెక్కించుకున్నట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే కాగితం) సప్లయర్ దగ్గరే ఉంది. మీ సీహెచ్‌ఏ (కస్టమ్స్ పనులు చేసిపెట్టే ఏజెంటు) మాత్రం బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి డిక్లరేషన్, వేయడానికి కాగితాలు ఇప్పుడే పంపమని వెంటపడుతున్నాడు. సరుకు దిగాక చూసుకుంటే కుదరదా అని అడిగారు.

కుదరదండి. మీ సీహెచ్‌ఏ చెప్పేది నిజమే. నేను మాధవరంలో చిన్న గోడౌన్ పెట్టుకుని ప్యాకింగ్ మెషిన్ల స్పేర్లు తెప్పించి అమ్ముతుంటాను. 2022లో సరిగ్గా మీలాగే ఆలోచించి 25 వేలు వదిలించుకున్నాను.

చెన్నై ప్యారీస్ కార్నర్‌లో నాకు తెలిసిన ఒక పెద్దాయన చాలా ఏళ్లుగా దిగుమతులు చేస్తున్నారు. "ఓడ రానీ బాబూ, మర్నాడు బిల్లు వేస్తే చాలు" అన్నారు. ఆయన తెలియక చెప్పిన మాట కాదది. అంతకుముందు రూలు అలాగే ఉండేది. ఓడ వచ్చిన మర్నాటి వరకు గడువు, సెలవు రోజులు లెక్కలోకి వచ్చేవి కావు. 2021 బడ్జెట్‌తో కస్టమ్స్ చట్టం 46వ సెక్షన్ మార్చారు. అప్పటి నుంచి ఓడ ఏ రోజు వస్తుందో దాని ముందురోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ పడిపోవాలి. ఆదివారమైనా, పొంగల్ అయినా మినహాయింపు లేదు. సోమవారం ఓడ వస్తే ఆదివారం రాత్రే ఆఖరు గడువు. శ్రీలంక, మయన్మార్, బంగ్లాదేశ్ లాంటి దగ్గరి దేశాల నుంచి వచ్చే సరుకుకి మాత్రం ఓడ వచ్చిన రోజు ముగిసేదాకా టైమిచ్చారు. చైనా సరుకుకి అది వర్తించదు.

నా ఓడ బుధవారం తెల్లవారుజామున వచ్చింది. మిగతా డబ్బు పడితే తప్ప సప్లయర్ బీఎల్ ఇవ్వనన్నాడు. గురువారం బ్యాంకుకి వెళ్లాను, శుక్రవారం డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ కాపీ పంపాను, శనివారం బిల్లు పడింది. చలానాలో డ్యూటీ కింద లేట్ చార్జీలు అని ఇంకో వరస కనిపించింది. మొదటి మూడు రోజులకు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000. అంటే బుధ, గురు, శుక్రవారాలకు 15,000, శనివారానికి 10,000. ఆలస్యానికి తగిన కారణం ఉందని ఆఫీసరు ఒప్పుకుంటే ఈ చార్జీ పడదు. కానీ సప్లయర్‌కి డబ్బు కట్టలేదన్న నా కారణం అక్కడ నిలబడలేదు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఏమిటంటే, ఆ ఒరిజినల్ బీఎల్ కోసం నేను ఆగనక్కర్లేదు. బిల్లు వేయడానికి బీఎల్ నంబరు, తేదీ, కంటెయినర్ వివరాలు ఉన్న కాపీ చాలు. ఒరిజినల్ గానీ టెలెక్స్ రిలీజ్ (ఒరిజినల్ లేకుండానే సరుకు ఇవ్వమని లైన్‌కి వచ్చే మెసేజ్) గానీ కావాల్సింది షిప్పింగ్ లైన్ దగ్గర డెలివరీ ఆర్డర్ (సరుకు మనకి ఇవ్వమనే కాగితం) తీసుకునేటప్పుడు. ఈ తేడా అప్పుడు నాకెవరూ విడమరిచి చెప్పలేదు. నా సీహెచ్‌ఏ కూడా "బీఎల్ ఎక్కడ సార్" అని అడిగాడే తప్ప కాపీ చాలని అనలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. బ్యాలెన్స్ కట్టకపోయినా సరే, ఓడ అక్కడ కదలగానే స్కాన్ కాపీ పంపమని సప్లయర్‌ని అడగండి. దానితో సరుకు ఎవరూ విడిపించుకోలేరు కాబట్టి మామూలుగా అభ్యంతరం చెప్పరు.

ఓడ వస్తుందనుకున్న తేదీకి 30 రోజుల ముందు నుంచే బిల్లు వేయొచ్చు. నేనైతే కనీసం ఐదు రోజుల ముందు వేయిస్తాను. తేదీని నమ్ముకోవడానికి లేదు. దారిలో పోర్ట్ క్లాంగ్‌లోనో సింగపూర్‌లోనో కంటెయినర్ వేరే ఓడ ఎక్కితే, బీఎల్‌లో ఉన్న ఓడ పేరు ఒకటి, చెన్నైకి వచ్చే ఓడ ఇంకొకటి అవుతుంది. మీకు లెక్క ఆ రెండో ఓడదే. అది అనుకున్నదానికంటే ఒకరోజు ముందొస్తే మీ గడువు కూడా ఒకరోజు ముందే ముగిసిపోతుంది.

ఇక చెక్‌లిస్ట్. బిల్లు వేసేముందు సీహెచ్‌ఏ మీకు పంపే డ్రాఫ్ట్ అది. దాన్ని వాట్సాప్‌లో చూసి "ఓకే" కొట్టేయకండి. నా రెండో షిప్‌మెంట్‌కి రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చింది. మా లెక్కలు చూసే మా చెల్లెలు బీఎల్ పక్కన పెట్టుకుని లైను లైను చదివింది. బీఎల్‌లో 14 ప్యాకేజీలు, అంటే 14 ప్యాలెట్లు. చెక్‌లిస్ట్‌లో ప్యాకింగ్ లిస్ట్ చూసి 310 కార్టన్లు అని కొట్టారు. షిప్పింగ్ లైన్ కస్టమ్స్‌కి ఇచ్చే ఓడ సరుకుల జాబితా ఐజీఎంలో 14 ఉండి, మన బిల్లులో 310 ఉంటే రెండూ సరిపోలవు, తర్వాత సవరణల చుట్టూ తిరగాలి. అప్పటికి ఇంకా వేయలేదు కాబట్టి పది నిమిషాల్లో సరైపోయింది.

అదే కాగితంలో ఫ్రైట్ (ఓడ రవాణా ఖర్చు) గడి కూడా చూడండి. మీ ఇన్వాయిస్ ఎఫ్‌ఓబీ (సరుకు ఓడెక్కించేదాకా ఖర్చులు మాత్రమే కలిసిన ధర) అయితే ఫ్రైట్, ఇన్సూరెన్స్ కలిపాకే డ్యూటీ లెక్క కడతారు. ఫ్రైట్ ఎంతో చూపించలేకపోతే ఎఫ్‌ఓబీ విలువలో 20 శాతం, ఇన్సూరెన్స్‌కి 1.125 శాతం వేసేస్తారు. సముద్రం మీద వచ్చే సరుకుకి 20 శాతం అంటే చాలాసార్లు అసలు ఫ్రైట్ కంటే ఎక్కువే. రవాణా చూసే ఫార్వర్డర్ దగ్గర ఫ్రైట్ బిల్లు ముందే తెప్పించుకోండి.

ముందుగా వేస్తే ఇంకో లాభం ఉంది. ఇప్పుడు అసెస్‌మెంట్ (బిల్లు చూసి డ్యూటీ తేల్చడం) ఫేస్‌లెస్. 2020 జూన్‌లో మొదట చెన్నై, బెంగళూరుల్లో కస్టమ్స్ టారిఫ్‌లోని మెషినరీ, ఎలక్ట్రికల్ చాప్టర్లతోనే మొదలుపెట్టారు. మన బిల్లు ఏ ఊళ్లో ఉన్న ఆఫీసరు చూస్తారో మనకి తెలియదు. రాజాజీ సాలైలోని కస్టమ్ హౌస్‌కి వెళ్లి వివరిద్దామంటే కుదరదు. క్యాటలాగ్ పంపండి, ఈ పార్టు దేనికి వాడతారు అని ఆన్‌లైన్‌లో క్వెరీ వస్తే జవాబు కూడా అలాగే ఇవ్వాలి. నా బిల్లు ఒకటి అలా మూడు రోజులు ఆగింది. అప్పటికి ఓడ ఇంకా నడిసముద్రంలోనే ఉంది కాబట్టి నాకు రూపాయి పోలేదు. అదే కంటెయినర్ సీఎఫ్‌ఎస్‌లో (పోర్టు బయట కంటెయినర్లు ఉంచే యార్డు) దిగి ఉంటే ఆ మూడు రోజులూ చార్జీ లేని ఫ్రీ డేస్‌లోంచి పోయేవి, అవి అయిపోతే కంటెయినర్ ఆపుకున్నందుకు లైన్‌కి డిటెన్షన్, స్థలానికి సీఎఫ్‌ఎస్‌కి గ్రౌండ్ రెంట్.

కామెంట్లలో ఒకరు, ముందే వేస్తే పాత డ్యూటీ రేటు దక్కుతుందా అని అడిగారు. దక్కదు. ఓడకి ఎంట్రీ ఇన్‌వార్డ్ (సరుకు దించుకోవడానికి కస్టమ్స్ అనుమతి) ఇచ్చేలోపు వేసిన బిల్లుకి ఆ ఎంట్రీ ఇన్‌వార్డ్ రోజున ఉన్న రేటే వర్తిస్తుంది. బడ్జెట్ వచ్చే ఫిబ్రవరి 1 దగ్గరలో సరుకు వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుని డబ్బు కాస్త ఎక్కువే ఉంచుకోండి. అసెస్‌మెంట్ అయ్యాక డ్యూటీ కట్టడం ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం చొప్పున వడ్డీ పడుతుంది.

మీకింకా పది రోజులుంది. ఈ రాత్రికే సప్లయర్‌కి మెసేజ్ పెట్టి బీఎల్ కాపీ, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ తెప్పించండి. చెక్‌లిస్ట్ వచ్చాక ఏ గడి అయినా అర్థం కాకపోతే మీ పేరు, నంబర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.